ఆవిడ సంతకం పెట్టకముందే

ప్రశ్న: నా వయసు 44. గుంటూరులో ఉంటాం, ప్రైవేటు కంపెనీలో ఉద్యోగం. మూడేళ్ల కిందట నన్ను ఏడాదిన్నర పాటు విశాఖపట్నం బ్రాంచిలో వేశారు. నెలకి రెండుసార్లు ఇంటికి వచ్చేవాణ్ణి. అక్కడ ఆఫీసులో ఒకావిడతో దగ్గరయ్యాను. ఆవిడ విడాకులు తీసుకున్న మనిషి. మా ఇంట్లో మాటల్లేవనీ, మాది పేరుకే సంసారమనీ ఆవిడతో చెప్పాను. అది నిజం కాదు. ఎనిమిది నెలలు నడిచింది. గుంటూరు తిరిగి వచ్చేటప్పుడు నేనే ఆపేశాను. ఇప్పుడు ఫోన్లు కూడా లేవు.

ఆ రోజుల్లోనే మా అమ్మ బాత్రూమ్‌లో జారిపడి తుంటి ఎముక విరిగింది. నా భార్య స్కూల్లో టీచరు. ఉద్యోగం మానేసి అత్తయ్యను చూసుకోనా అని ఫోన్లో అడిగితే మానెయ్యమన్నాను. మానేసింది. ఇప్పుడు వాళ్ల నాన్న పసుపు కుంకుమ కింద ఇచ్చిన అరవై సెంట్లు అమ్మి ఫ్లాట్ కొందామని తనే అంది. బయానా తీసుకున్నాం, వచ్చే నెల 20న రిజిస్ట్రేషన్. ఆ తేదీ ఖాయమైన దగ్గర్నుంచి నాకు నిద్ర లేదు.

విషయం తెలిసింది నా స్నేహితుడు ఒక్కడికే. 'సుప్రీంకోర్టే నేరం కాదంది, నీ భార్యకు తెలీదు, ఎవరికీ నష్టం లేదు, అయిపోయినదాన్ని కెలకడం ఎందుకు' అంటాడు. ఇంకోపక్క కాంట్ అనే తత్వవేత్త ఎట్టి పరిస్థితుల్లోనూ అబద్ధం ఆడకూడదన్నాడని ఒక వీడియోలో విన్నాను. ఎవరికీ నష్టం లేనప్పుడు అది తప్పెలా అవుతుంది? చెప్పడం నా ధర్మమా, చెప్పకుండా సంసారం కాపాడుకోవడం ధర్మమా?
(పేరు వద్దు, గుంటూరు)

జవాబు: మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండుసార్లూ ఆ ఫోన్ కాల్ దగ్గరే ఆగిపోయాను. మీ భార్య ఆ పూట ఎన్ని లెక్కలు వేసుకుని ఉంటుందో ఊహించుకోగలను. మనిషిని పెడితే నెలకి ఎంతవుతుంది, తన జీతం ఆగిపోతే పిల్లల ఫీజులెలా, మళ్లీ ఎప్పటికైనా ఉద్యోగం దొరుకుతుందా. అన్నీ చూసుకుని చివరికి మీ మాట కోసం ఫోన్ చేసింది. మీరు మానెయ్యమన్నారు. ఆ క్షణంలో మీ సంసారం గురించి మీకు తెలిసిన ఒక పెద్ద విషయం ఆవిడకు తెలీదు. మీకు నేను చెప్పదలచుకున్నదంతా ఆ ఫోన్ కాల్‌లోనే ఉంది. అయితే ముందు మీ స్నేహితుడి సంగతి చూద్దాం.

సుప్రీంకోర్టు ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం 2018 సెప్టెంబరు 27న ఐపీసీ 497వ సెక్షన్ను కొట్టేసిన మాట నిజమే. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలోనూ ఆ నేరం లేదు. కానీ ఆ సెక్షన్ ఏం చెప్పేదో ఆయన ఎప్పుడైనా చదివారా? 1860 నాటి ఆ చట్టం ప్రకారం, ఇంకొకడి భార్యతో, ఆ భర్త సమ్మతి లేకుండా సంబంధం పెట్టుకున్న మగవాడికి ఐదేళ్ల దాకా జైలు. భర్త ఒప్పుకుంటే నేరమే లేదు. ఆ స్త్రీకి పెళ్లి కాకపోయినా, విడాకులైనా, భర్త పోయినా అసలు సెక్షనే వర్తించదు. ఫిర్యాదు చేయగలిగింది ఆ స్త్రీ భర్త. దారి తప్పిన మగవాడి భార్యకు ఆ దారే లేదు. గట్టు జరిపినవాడి మీద పొలం ఆసామి కేసు పెట్టినట్టు ఉండేది వ్యవహారం. స్త్రీని భర్త సొత్తుగా చూస్తోందనే న్యాయమూర్తులు దాన్ని తీసేశారు. విడాకులకు అలాంటి సంబంధం కారణంగా ఉండటానికి అభ్యంతరం లేదని ఆ తీర్పే చెప్పింది. హిందూ వివాహ చట్టానికి 1976లో వచ్చిన సవరణ తర్వాత, ఒక్కసారి జరిగినా విడాకులు కోరవచ్చు.

ఇప్పుడు మీ కథ ఇందులో పెట్టి చూడండి. విశాఖపట్నం ఆవిడకు భర్త లేరు. కాబట్టి 497 నిక్షేపంగా ఉన్న రోజుల్లో జరిగినా మీ మీద కేసు ఉండేది కాదు. మీ భార్యకు కలిగిన కష్టం ఆ సెక్షన్ లెక్కలోకి ఏనాడూ రాలేదు. ఇక అది పోయినందువల్ల మీకు కొత్తగా వచ్చిన ఊరట ఏముంది? కోర్టు తీర్పును మీ స్నేహితుడు పిల్లి కళ్లు మూసుకోవడానికి గుడ్డలా వాడుతున్నాడు.

ఆయన రెండో మాట కొంచెం గట్టిది. ఎవరికీ నష్టం లేదు కదా అంటున్నాడు. నిజానికి ఈ వాదనకు తలూపేవాళ్లు చాలామంది ఉన్నారు. పనిలోని మంచిచెడులు దాని ఫలితాన్ని బట్టే తేల్చాలనేది వాళ్ల లెక్క. మీరు పేరు విన్న కాంట్ సరిగ్గా దీనికే అడ్డుపడ్డాడు. 1785లో ఆయన ఒక ఉదాహరణ ఇచ్చాడు. ఒకడికి డబ్బు అవసరం. తిరిగి ఇవ్వలేనని వాడికి తెలుసు. అయినా ఫలానా రోజుకి ఇచ్చేస్తానని మాటిచ్చి అప్పు తీసుకుంటాడు. ఇందులో తప్పెక్కడ?

మనం వెంటనే, పాపం ఇచ్చినవాడి డబ్బు పోయింది కదా అంటాం. సరే, ఆ ఉదాహరణను నేను ఇంకొంచెం సాగదీస్తాను. వారం తిరక్కుండా వాడికి లాటరీ తగిలి అప్పు మొత్తం తీర్చేశాడనుకోండి. ఇచ్చినవాడికి ఒక్క రూపాయి కూడా పోలేదు. అప్పుడు తప్పు మాసిపోయినట్టేనా? పోలేదు. 'నేను తీర్చలేనురా' అని నిజం చెబితే అతను ఇచ్చేవాడు కాదు. ఇవ్వాలా వద్దా అని తేల్చుకోవాల్సింది అతను. ఆ తేల్చుకునే వీలును వీడు ముందే లాగేసుకున్నాడు. జేబులో డబ్బు తిరిగి చేరినా, ఆ రోజు అతన్ని మనిషిగా లెక్కపెట్టకుండా ఏటీఎంలా వాడుకున్న సంగతి అలాగే ఉంటుంది. మనిషిని కేవలం సాధనంగా వాడుకోకూడదని కాంట్ అన్నది ఇదే.

ఇప్పుడు ఆ ఫోన్ కాల్‌కి రండి. విషయం తెలిసి ఉంటే మీ భార్య ఉద్యోగం మానేసేదా? ఏమో, మానేసేదేమో. మీ అమ్మగారంటే ఆవిడకు నిజంగా ఇష్టమేమో. అయినా అది ఆవిడ చెప్పాల్సిన జవాబు. ఆవిడ బదులు మీరు చెప్పేశారు. అప్పటి నుంచి మీ అమ్మగారికి స్నానం చేయించిన ప్రతి రోజూ, 'నా సంసారం ఇది' అనుకుని ఆవిడ చేసింది. మీరు మాత్రం ఆ సంసారంలో ఏం జరిగిందో తెలిసి చేయించుకున్నారు. నష్టం లేదని మీ స్నేహితుడు అనగలుగుతున్నాడంటే, ఆయన లెక్కలో ఆవిడ పేరుతో ఖాతా లేనందువల్లే.

పెళ్లి ప్రమాణం గురించి కూడా ఒక మాట. మన పెళ్లిళ్లలో కన్యాదానం వేళ వధువు తండ్రి వరుణ్ణి అడుగుతాడు: ధర్మంలో, అర్థంలో, కామంలో ఈమెను అతిక్రమించకూడదు సుమా అని. వరుడు 'నాతిచరామి' అంటాడు, అతిక్రమించను అని. నేను చూసిన పెళ్లిళ్లలో ఆ సమయానికి సగం మంది భోజనాల వైపు చూస్తుంటారు. ఒక పెళ్లిలో వీడియో అబ్బాయి లైటు సరిగ్గా పడలేదని పంతులుగారి చేత ఆ మంత్రం రెండోసారి చెప్పించాడు. పెళ్లికొడుకు రెండుసార్లూ 'నాతిచలామి' అన్నాడు. అర్థం తెలియకుండా అన్న మాటకు కట్టుబడాలా అని కొందరు నన్ను అడుగుతుంటారు. అర్థం తెలియకపోయినా, ఎదుటివాళ్లు దాన్ని నమ్మి ఏం చేశారన్నది చూడాలి. మీ మామగారు నమ్మి కూతుర్ని పంపారు, అరవై సెంట్లు రాసిచ్చారు. ఇంకొకటి గమనించారా? ఆ ప్రశ్న అడిగేది తండ్రి, మాటిచ్చేది వరుడు. పెళ్లికూతుర్ని ఎవరూ ఏమీ అడగరు. ఆవిణ్ణి అడగకుండా తేల్చెయ్యడం మనకు అక్కడి నుంచే అలవాటు.

జీవితాంతం పెళ్లి చేసుకోని కాంట్ వివాహానికి ఇచ్చిన నిర్వచనం మాత్రం రిజిస్ట్రారు ఆఫీసు దస్తావేజులా ఉంటుంది. ఇద్దరు మనుషులు ఒకరి శరీరం మీద ఒకరికి జీవితాంతం హక్కు ఇచ్చిపుచ్చుకునే ఒప్పందమట. వినడానికి ఎంత పొడిగా ఉన్నా, హక్కు ఇద్దరికీ సమానమన్నాడు. 1797లో ఆయన రాసిన ఆ మాటకంటే, దాదాపు అరవై ఏళ్ల తర్వాత వచ్చిన మన 497 వెనకబడి ఉంది.

విశాఖపట్నం ఆవిడ గురించి మీరు రెండు మూడు వాక్యాల్లో ముగించారు. ఇలాంటి ఉత్తరాలన్నిటిలోనూ అంతే, మూడో మనిషి తెర మీదికి వచ్చి వెళ్లిపోతుంది. ఇంట్లో మాటల్లేవని చెప్పి ఆవిణ్ణి కూడా మీరు అప్పులవాడి మాటతోనే నమ్మించారు. ఆవిడ ఎనిమిది నెలలూ మీతో ఏదో ఒక రేపటిని ఊహించుకుని ఉండొచ్చు. ఇప్పుడు వెతికి ఫోన్ చేసి క్షమాపణ చెప్పమని నేను అనను. అది ఆవిడ కోసం చేసే పనిలా కనిపించినా తలుపు మళ్లీ తెరిచినట్టే అవుతుంది. కానీ మీ భార్యకు చెప్పేటప్పుడు మాత్రం 'ఆవిడే వెంటపడింది' అనకండి. ఒకరికి చెప్పిన అబద్ధాన్ని కడుక్కోవడానికి ఇంకొకరి మీద బురద జల్లకండి.

ఇక అసలు ప్రశ్న. చెప్పాలా?

మీరు విన్న వీడియోలో చెప్పింది కాంట్ రాసిన ఒక వ్యాసం గురించి అయి ఉంటుంది. హంతకుడొకడు తలుపు తట్టి, మీ ఇంట్లో దాక్కున్న మీ స్నేహితుడు ఎక్కడున్నాడని అడిగినా అబద్ధం చెప్పే హక్కు మీకు లేదన్నాడు ఆయన. 1797 నాటి మాట, అప్పటి నుంచీ జనం దానితో తగువు పడుతూనే ఉన్నారు. మనకు ఆ కథ కొత్తేమీ కాదు. భారతం కర్ణపర్వంలో కృష్ణుడు అర్జునుడికి కౌశికుడి కథ చెబుతాడు. ఎప్పుడూ నిజమే చెబుతానని వ్రతం పట్టిన బ్రాహ్మడు ఆయన. దొంగలకు భయపడి కొందరు అడవిలో దాక్కున్నారు. దొంగలు వచ్చి అడిగితే కౌశికుడు ఉన్నదున్నట్టు చూపించాడు. వాళ్లను చంపేశారు. కౌశికుడు నరకానికి పోయాడు. ఒకే చిక్కుకు ఇక్కడొక తీర్పు, అక్కడొక తీర్పు. నా ఓటు కృష్ణుడికే.

అయితే మీరు సంబరపడకండి. ఆ రెండు కథల్లోనూ దాక్కున్నవాళ్లు అమాయకులు, అడిగేవాడు చంపడానికి వచ్చినవాడు. మీ ఇంట్లో దాక్కున్నది మీరే. బయట ఉన్నది కత్తి పట్టుకున్న మనిషి కాదు, మీ అమ్మకు మందులేసి, పొలం అమ్మి ఇల్లు కొందామంటున్న మనిషి. కౌశికుడి కథ పనికొచ్చే చోటు వేరే ఉంది. ఇదే ఉత్తరం ఒక స్త్రీ రాసి, ఆమె భర్త చెయ్యి చేసుకునే రకమైతే, నేను ఇలా జవాబివ్వను. ముందు నీ ప్రాణం, నీ పిల్లలు, ఒక సురక్షితమైన చోటు చూసుకో తల్లీ, నిజం సంగతి తర్వాత అంటాను.

అన్నట్టు, కాంట్‌కి కూడా ఇలాంటి ఉత్తరం ఒకటి వచ్చింది. 1791లో ఆస్ట్రియాలోని క్లాగెన్‌ఫర్ట్ నుంచి మరియా ఫాన్ హెర్బర్ట్ అనే యువతి రాసింది. ప్రేమించిన మనిషి దగ్గర ఒక విషయం చాలాకాలం దాచింది, చివరికి చెప్పేసింది, అతని మనసు విరిగిపోయింది. ఇప్పుడు నేనేం చెయ్యాలి అని అడిగింది. మరుసటి ఏడాది కాంట్ రాసిన జవాబులో రెండు మాటలు మీకు పనికొస్తాయి. ఒకటి, అన్నీ విప్పి చెప్పకపోవడం వేరు, అబద్ధం ఆడటం వేరు. మొదటిది మనిషి బలహీనత, రెండోది నేరుగా తప్పు. ఇక ఆయన రెండో మాట, నువ్వు బాధపడుతున్నది దాచినందుకా, లేక చెప్పి నష్టపోయినందుకా, ఒకసారి నిన్ను నువ్వే నిలదీసుకో అన్నాడు. అంత చక్కగా చెప్పిన ఆ పెద్దమనిషే తర్వాత ఆ యువతి ఉత్తరాలను తనకు తెలిసిన వాళ్ల అమ్మాయికి, చదివి జాగ్రత్తపడమని హెచ్చరికగా పంపేశాడు. మనిషిని సాధనంగా వాడకూడదని రాసిన చేతితోనే. ఉత్తరాలకు జవాబులు రాసే నాలాంటివాళ్లు గుర్తుపెట్టుకోవాల్సిన సంగతి అది.

ఆయన ప్రశ్నను మీకు తిప్పి వేస్తున్నాను. మీ నిద్ర ఎప్పుడు పోయింది? విశాఖపట్నంలో పోలేదు. తిరిగొచ్చిన ఏడాదిన్నరలోనూ పోలేదు. రిజిస్ట్రేషన్ తేదీ ఖాయమయ్యాక పోయింది. మీ మనసు మీ స్నేహితుడికంటే తెలివైంది. ఏ క్షణంలో పాత తప్పు కొత్త తప్పుగా మారుతుందో అది పట్టేసింది.

నిజం చెబుతున్నాను, ప్రతి రహస్యమూ విప్పి తీరాలని నమ్మే మనిషిని కాను. ముప్పై ఏళ్ల కిందటి ఒక రాత్రి గురించి, మంచం పట్టిన డెబ్బై ఏళ్ల భార్యకు ఇప్పుడు చెప్పాలా అని ఒక పెద్దాయన అడిగితే, మోయండి బాబూ, ఆ బరువు మీదే అంటాను. చాలామంది చెప్పేది ఎదుటివాళ్ల కోసం కాదు, తమ గుండె తేలిక చేసుకోవడానికే. తన బరువు తీసి భార్య నెత్తిన పెట్టి, తను హాయిగా నిద్రపోతాడు. డబ్ల్యూ. డి. రాస్ అనే స్కాట్లండ్ తత్వవేత్త 1930లో, మన బాధ్యతలు ఒకదానితో ఒకటి ఢీకొంటాయని ఒప్పుకున్నాడు. మాట నిలబెట్టుకోవడం ఒక బాధ్యత, చేసిన తప్పు సరిదిద్దుకోవడం ఒకటి, ఎదుటివాళ్లను నొప్పించకపోవడం ఇంకొకటి. ఏది బరువైందో సందర్భాన్ని చూసి తూచుకోవాలన్నాడు. కాంట్ కంటే ఈయన మన ఇళ్లకు దగ్గర.

మీ సందర్భంలో తూకం ఎటు మొగ్గుతుందో నాకు సందేహం లేదు. ఆ అరవై సెంట్లు మీ భార్య సొంతం. 1956 హిందూ వారసత్వ చట్టం 14వ సెక్షన్ ప్రకారం ఆవిడే పూర్తి హక్కుదారు. పుట్టింటివాళ్లు ఆవిడ చేతిలో పెట్టిన ధైర్యం అది. రేపు ఏ కష్టమొచ్చినా నాకంటూ ఒక ముక్క ఉందని ఏ ఆడపిల్లయినా తలుచుకునేది దాన్నే. ఉద్యోగం ఇదివరకే పోయింది. ఇప్పుడు ఆ నేల కూడా పోయి, ఇద్దరి పేరు మీద ఫ్లాటుగా మారబోతోంది. మీ మీద నమ్మకంతోనే ఆవిడ దాన్ని అమ్ముతోంది. ఆ నమ్మకంలో ఉన్న కన్నం మీకు తెలుసు. తెలిసీ సబ్‌రిజిస్ట్రారు ఆఫీసులో పక్కన కూర్చుని, ఆవిడ వేలిముద్రలు వేస్తుంటే చూస్తూ ఊరుకోవడమంటే, కాంట్ చెప్పిన అప్పు మీరు రెండోసారి తీసుకుంటున్నట్టు.

కాబట్టి చెప్పండి. 20వ తేదీకి ముందే చెప్పండి, వీలైతే పదిహేను రోజుల ముందు.

దానికన్నా ముందు ఒక పని. ప్రభుత్వాసుపత్రిలో ఐసీటీసీ అని ఉంటుంది, హెచ్‌ఐవీ పరీక్ష ఉచితంగా చేస్తారు, గుట్టుగా ఉంచుతారు. మిగతా సుఖవ్యాధుల పరీక్షల సంగతి కూడా డాక్టరును అడగండి. తిరిగొచ్చి ఏడాదిన్నర అయినా ఈ పని చేయలేదంటే, అది మీ భార్య ఒంటితో జూదం ఆడటం. చెప్పే రోజు ఆవిడ అడిగే మొదటి ప్రశ్న అదే కావచ్చు.

ఎలా చెప్పాలంటారా? ఫోన్లో వద్దు, పండగ పూట వద్దు. మీ అమ్మగారు పక్కగదిలో ఉన్నప్పుడు, పిల్లలు ఇంట్లో ఉన్నప్పుడు వద్దు. ముందే ఒక మనిషిని మాట్లాడి అమ్మగారిని చూసుకునే ఏర్పాటు చెయ్యండి. విన్నాక మీ భార్యకు పుట్టింటికి వెళ్లాలనిపిస్తే, అత్తగారికి అన్నం ఎవరు పెడతారన్న బెంగతో ఆగిపోకూడదు. చెప్పేది క్లుప్తంగా చెప్పండి: ఏం జరిగింది, ఎంతకాలం, ఎప్పుడు ఆగింది. ఆ ఫోన్ కాల్ నాటికి అది నడుస్తోందని కూడా చెప్పాలి. అదే చెప్పకుండా మింగేయాలనిపిస్తుంది మీకు. అడిగినదానికి జవాబివ్వండి, అడగని వివరాలు పొయ్యకండి. ఒంటరితనం, ఊరు కాని ఊరు లాంటి కారణాలు ఆ రోజుకి ఎత్తకండి. క్షమించమని ఆ పూటే అడగకండి. అడిగితే ఆవిడకు ఇంకో పని అప్పజెప్పినట్టు అవుతుంది. మీ అత్తమామలకు, అన్నదమ్ములకు చెప్పాలా వద్దా అన్నది ఆవిడ ఇష్టం.

సంసారం కాపాడుకోవడం ధర్మం కాదా అని అడిగారు. ఏ సంసారం? మీకు తెలిసినదొకటి, ఆవిడకు తెలిసినదొకటి, ఒకే ఇంట్లో రెండు సంసారాలు నడుస్తున్నాయి. ఆవిడ ఉండాలనుకుంటే ఉంటుంది, వద్దనుకుంటే వెళుతుంది, పొలం అమ్మకుండా ఉంచుకుని మీతోనే ఉండవచ్చు కూడా. మీకు ఏది దక్కుతుందో నేను హామీ ఇవ్వలేను. మళ్లీ స్కూలుకు వెళతానంటే మాత్రం, అమ్మగారి బాధ్యతలో మీ వంతు ఏమిటో ఆవిడ అడగకముందే చెప్పండి.

ఇక బయానా ఇచ్చినవాళ్ల దగ్గరికి మీరే వెళ్లి నెల రోజుల గడువు అడగండి. గడువు కుదరదంటే, వాళ్ల డబ్బు వాళ్లకు తిరిగి ఇచ్చెయ్యండి. పైన ఇంకేమైనా కట్టాల్సి వస్తే, అది మీ జీతంలోంచి.